తిరిగొచ్చే గాలి

ఓడల కంపెనీ ఆఫీసులో, లారీలు ఆగే పెరటి వైపు కిటికీ ఉన్న గదిలో, ఆవిణ్ణి అందరూ నర్సమ్మ అనే పిలుస్తారు. ఆవిడ ఏనాడూ ఆసుపత్రిలో పని చేయలేదు. సూది కనిపిస్తే ఇప్పటికీ మొహం పక్కకి తిప్పుకుంటుంది. కానీ పొద్దున్న ఎనిమిదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా ఆవిడ చేసేది జ్వరాలు చూడడమే. మనుషులకి కాదు, పెట్టెలకి.

పళ్ళు, చేపలు, మందులు సముద్రం దాటాలంటే రీఫర్ అనే చలిపెట్టెలో వెళ్ళాలి. ఒక పొడుగాటి గదంత ఇనుప పెట్టె అది. ఒక చివర తలుపులు, ఇంకో చివర చల్లబరిచే యంత్రం. ఓడ మీద అలాంటివి వందల కొద్దీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ప్రతి పెట్టె పావుగంటకోసారి రెండు అంకెలు పంపిస్తుంది. యంత్రం లోపలికి పంపే గాలి ఎంత చల్లగా ఉందో మొదటి అంకె. ఆ గాలి సరుకంతా చుట్టి తిరిగొచ్చేసరికి ఎంత వెచ్చబడిందో రెండో అంకె. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు మొదటి అంకె చూసి, అంతా భేషుగ్గా ఉందనుకుని టీకి పోతారు. నర్సమ్మ రెండో అంకె చూడందే కుర్చీలోంచి లేవదు.

"పంపేవాణ్ణి అడిగితే అంతా బాగానే ఉందంటాడు. లోపలికెళ్ళొచ్చిన వాణ్ణి అడగాలి," అంటుంది.

ఇంట్లో తనకి ఒళ్ళు కాస్త వెచ్చబడితే "వెళ్ళే గాలా, వచ్చే గాలా?" అని అడుగుతుందని ఆవిడ భర్త చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంటాడు. ఆవిడా నవ్వుతుంది. ఆ పని మీద ఆవిడకున్న ఇష్టం అలాంటిది. సముద్రాన్ని ఎప్పుడూ దాటకపోయినా, తన పెట్టెలు ఏ నీళ్ళ మీదున్నాయో వేళ్ళ మీద చెప్పగలదు.

ఈ ఇష్టం పుట్టుకతో వచ్చిందే. ఆవిడ తండ్రి ఫ్రిజ్‌లు బాగు చేసేవాడు. సందు చివర ఇరుకు దుకాణం, గోడకి ఆనించిన పాత ఫ్రిజ్‌లు, ఒకదాన్ని పడుకోబెడితే అదే పిల్లలకి బల్ల. దాని మీదే అక్కా తమ్ముడూ హోంవర్కు చేసుకునేవారు. తండ్రి యంత్రానికి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, "దీనికి ఆయాసం" అనో "దీనికి గొంతు పూడుకుపోయింది" అనో తేల్చేసేవాడు. కొత్త ఫ్రిజ్ కొన్నవాళ్ళు ఎవరొచ్చినా ఒకటే పాఠం చెప్పేవాడు.

"ముందు ఖాళీగా నాలుగ్గంటలు తిప్పండమ్మా. చల్లబడ్డాకే సామాను సర్దండి. పొయ్యి అంటించకుండానే చుట్టాల్ని భోజనానికి కూర్చోబెడతామా?"

ఆ మాట ఆ పిల్ల వెయ్యిసార్లు వినుంటుంది. తండ్రి పోయి ఎన్నో ఏళ్ళయినా ఆ మాట మాత్రం పోలేదు.

ఇక్కడే ఇంకో మనిషిని పరిచయం చేయాలి. ఆవిడ చూసే దారిలో తిరిగే ఒక ఓడలో ఒక ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. ఆ ఓడలో చలిపెట్టెల మంచీ చెడ్డా ఆయనవే. ఆరేళ్ళుగా ఇద్దరికీ ఉత్తరాల పరిచయమే గానీ, ముఖం గానీ గొంతు గానీ తెలియదు. నర్సమ్మ కంప్యూటర్లో పేజీడు రాస్తుంది. ఫలానా పెట్టెలో ఫలానా సరుకుంది, నిన్నటి నుంచి వచ్చే గాలి కాస్త ఎక్కువ చూపిస్తోంది, అది పాలు తాగే పిల్లల మందు, దయచేసి ఒకసారి చూడగలరు, అని. దానికి ఆయన జవాబు రెండు మాటలు. "చూశాను. బాగుంది." లేదా, "చూశాను. బాగు చేశాను." అంతే. నమస్కారం లేదు, కుశలం లేదు, కింద పేరు కూడా ఉండదు.

"మాటలు ఎవరైనా ఎత్తుకుపోతారని బీరువాలో దాచుకుంటాడేమో," అని నర్సమ్మ విసుక్కునేది. ఆయనకి ముక్తసరి గారు అని పేరు పెట్టింది కూడా ఆవిడే. ఆ పేరు ఆఫీసంతా పాకింది. పొగరుబోతని ఒకరు, పని దొంగ అయ్యుంటాడని ఇంకొకరు. పని దొంగ కాదని మాత్రం నర్సమ్మకి తెలుసు. ఆయన "బాగుంది" అన్న పెట్టె ఏదీ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా మాట తప్పలేదు.

ఇక అసలు సంగతి. తమ్ముడు తండ్రి పని అందుకోలేదు. అత్తవారి వైపు ద్రాక్షతోటల్లో దిగిపోయాడు. చుట్టుపక్కల పదకొండు కుటుంబాలు కలిసి, కాయ కోసి, చల్లబరిచి సర్దడానికి ఒక షెడ్డు వేసుకుని, వీణ్ణి ముందు నిలబెట్టాయి. మూడేళ్ళు తిరగ్గా తిరగ్గా, సముద్రం అవతల ఒక పళ్ళ వ్యాపారి ఒప్పుకున్నాడు. ఒక పెట్టె పంపండి, అది బాగా చేరితే ఈ కాపంతా నేనే తీసుకుంటాను, బాగా చేరకపోతే మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దు అన్నాడు. ఒకటే పెట్టె, ఒకటే అవకాశం. పదకొండు ఇళ్ళవాళ్ళు ఏడాది కష్టం తెచ్చి ఆ షెడ్డులో పెట్టారు.

పెట్టె షెడ్డు ముందుకి వచ్చిన రోజున తమ్ముడు ఆనందంతో ఫోన్ చేశాడు.

"అక్కా, వచ్చేసిందే! తెల్లగా ఎంత పెద్దగా ఉందో! ఇప్పుడేం చేయమంటావు?"

నర్సమ్మకి గర్వంగా అనిపించింది. ఇన్నాళ్ళకి తమ్ముడికి తన చదువు అక్కరకొచ్చింది. "ఒరేయ్, తొందరపడి సరుకెక్కించకు. ముందు ఖాళీగా నాలుగైదు గంటలు తిప్పు. లోపల బాగా చల్లబడ్డాక అప్పుడు తలుపులు తెరువు," అంది.

ఎవరి మాట అది? తండ్రి మాటే. ఆవిడకి పెట్టె ఓడెక్కిన దగ్గర్నుంచీ దాని ఒంట్లో ఏం జరుగుతుందో అంతా తెలుసు. కానీ సరుకెక్కించడం వేరే గదివాళ్ళ పని. ఆ సంగతులున్న పుస్తకం ఆవిడ సొరుగులోనే ఉంది. మొదటి భాగం తనది కాదని తిప్పేసి, రెండో భాగం నుంచి చదువుకుంది. దాంతో వచ్చింది తంటా.

పెట్టె ఓడెక్కింది. ముక్తసరి గారి ఓడే. మొదటి నాలుగు రోజులూ ముచ్చటగా గడిచాయి. ద్రాక్షకి పెట్టాల్సింది సున్నా డిగ్రీలు. వెళ్ళే గాలి సున్నా, వచ్చే గాలి ముప్పావు డిగ్రీ. పళ్ళు కూడా ఊపిరి తీస్తాయి కాబట్టి ఆ మాత్రం వెచ్చదనం ఉండాలి. రోజూ పొద్దున్న కుర్చీలో కూర్చోగానే ముందు ఆ పెట్టె చూసి తమ్ముడికి ఫోన్ చేసేది.

"మీ పిల్లలు హాయిగా పడుకున్నార్రా."

అయిదో రోజున వచ్చే గాలి ఒకటింపావు అయింది. ఆరో రోజున ఒకటిన్నర. మధ్యాహ్నానికి రెండు. వెళ్ళే గాలి మాత్రం గీత గీసినట్టు సున్నా మీదే ఉంది. పక్క కుర్చీలో కుర్రది, "బాగానే ఉంది కదా నర్సమ్మా, సున్నా!" అంది. నర్సమ్మ రెండో అంకె మీద వేలు పెట్టింది. గాలి చల్లగానే పుడుతోంది, కానీ సరిపడా లోపలికి వెళ్ళడం లేదు. తండ్రి ఉంటే చెవి ఆనించి, గొంతు పూడుకుపోయింది అనేవాడు. చల్లబరిచే గొట్టాల మీద మంచు పేరుకుపోయి గాలికి దారి లేకుండా చేసింది.

మంచు ఎక్కణ్ణుంచి వచ్చింది? సొరుగులోంచి పుస్తకం తీసి మొదటి భాగం తెరిచింది. మూడో పేజీలోనే ఉంది, లావు అక్షరాల్లో. చల్లటి గదికి ఆనించి సరుకెక్కించే చోటైతే తప్ప, ఖాళీ పెట్టెను ముందుగా చల్లబరచవద్దు. ఆరుబయట తలుపులు తెరిస్తే వేడి తేమగాలి లోపలికి దూరి గొట్టాల మీద మంచు కడుతుంది. ఈ పెట్టె సరుకుని చల్లబరచడానికి కాదు, చల్లబడిన సరుకుని చల్లగా ఉంచడానికి మాత్రమే.

తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఆ రోజు తలుపులు తెరిచినప్పుడు ఏమైంది?"

"భలేగా అయిందక్కా! లోపల్నుంచి తెల్లగా పొగొచ్చింది. నేలంతా పాకింది. మావాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. పిల్లలు దాంట్లోకి దూరి పరుగులు. ఫోటోలు కూడా తీశాం, పంపించనా?"

"ఎంతసేపు తెరిచుంచారు?"

"సరుకెక్కేదాకా. రెండున్నర గంటలు. ఏం?"

ఆ పొగే మంచు. చప్పట్లు కొట్టి మరీ ఎక్కించుకున్న మంచు. అది తమ్ముడికి చెప్పడానికి నోరు రాలేదు. "ఏం లేదులే, మళ్ళీ చేస్తాను," అని పెట్టేసింది.

మామూలుగా యంత్రం తనంతట తానే అప్పుడప్పుడు గొట్టాలను వేడి చేసి మంచు కరిగించుకుంటుంది. డీఫ్రాస్ట్ అంటారు. కానీ ఇక్కడ అడుగున గట్టిగా పట్టేసినట్టుంది. పైభాగం కరగగానే యంత్రం పనైపోయిందనుకుని ఆపేస్తోంది. కరిగిన నీళ్ళు పోయే గొట్టం కూడా గడ్డకట్టి, ఆ నీళ్ళే మళ్ళీ మంచవుతున్నాయి. మనిషి పెట్టె దగ్గరికి వెళ్ళి, దగ్గరుండి చేయాల్సిందే. ఆఫీసులోంచి అంకెలు చూడొచ్చు గానీ, చేయి పెట్టలేరు.

ముక్తసరి గారికి రాసింది. గంటలో జవాబొచ్చింది. "చూశాను. మూడో వరస. నిచ్చెన వేయాలి. సముద్రం బాగా లేదు. రేపు."

మర్నాడు పొద్దున్న వచ్చే గాలి మూడుంపావు. నాలుగు దాటి రెండ్రోజులుంటే ద్రాక్ష మెత్తబడుతుంది, కాడలు నల్లబడతాయి. నర్సమ్మ మళ్ళీ రాయడానికి కూర్చుంది. ఆఫీసు ఉత్తరంలో సొంత సంగతులు రాయకూడదని నియమం. ఆ నియమాన్ని గట్టున పెట్టి రాసింది. ఈ తప్పు నాది. ఖాళీ పెట్టె చల్లబరచమని చెప్పింది నేనే. సరుకు మా తమ్ముడిది, వాడితో పాటు పదకొండు ఇళ్ళది. వాళ్ళకిది మొదటి పెట్టె, ఇది పోతే రెండోది ఉండదు. మీ ప్రాణం మీదికి తెచ్చుకోమని అడగను. సముద్రం తగ్గితే మాత్రం ముందుగా దీన్ని చూడండి.

జవాబు ఒకటే మాట. "సరే."

నర్సమ్మ ఆ మాటని ఎన్నిసార్లు చదువుకుందో లెక్క లేదు. దానికి ఎంత అర్థం ఉందో, అసలు ఉందో లేదో తెలియలేదు. అన్నం డబ్బా తెరిచి మూసేసింది.

మధ్యాహ్నం రెండు దాటాక పక్క కుర్చీలో కుర్రది కెవ్వుమంది.

"నర్సమ్మా! మీ పెట్టె తగలబడుతోంది! వెళ్ళే గాలి పద్దెనిమిది!"

గదిలో అందరూ లేచొచ్చారు. నర్సమ్మ తెర మీదికి వంగి చూసింది. వెంటనే అర్థమైంది. "తగలబడడం లేదే పిచ్చిదానా. చెమట పోస్తోంది. ఆయన దగ్గరుండి కరిగిస్తున్నాడు," అంది.

ఒకసారి కాదు, మూడుసార్లు. కరిగించడం, కాస్త ఆగడం, మళ్ళీ కరిగించడం. ఆ ఆగిన కాసేపట్లో ఆయన నీళ్ళ గొట్టం పొడుస్తున్నాడన్నమాట. అంతసేపూ ఆ మనిషి అక్కడే, ఊగే ఓడ మీద, నిచ్చెన పట్టుకుని ఉన్నాడు. నాలుగింటికి అందరూ సంచులు సర్దుకున్నారు. నర్సమ్మ కదల్లేదు. అయిదింటికి వచ్చే గాలి రెండున్నర. ఆరింటికి ఒకటీ ముప్పావు. ఆ తర్వాత ఉత్తరం వచ్చింది. "చూశాను. బాగు చేశాను."

ఆ రెండు మాటలూ చూసి నర్సమ్మ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళు ఆ మనిషిని వెక్కిరించినందుకు సగం, ఆయన ఉన్నందుకు సగం. మనం తినే ప్రతి పండు వెనకా ఇలాంటి మనిషి ఒకడుంటాడు. ఎవరో తెలియదు కాబట్టి ఎవరికీ దణ్ణం పెట్టం.

మర్నాటికి వచ్చే గాలి ముప్పావు డిగ్రీకి దిగింది, దిగినది దిగినట్టే నిలబడింది. అప్పుడు తమ్ముడికి మొత్తం చెప్పింది, తన తప్పు దగ్గర్నుంచీ.

"నువ్వు చెప్పకపోయినా మేం అదే చేసేవాళ్ళమక్కా," అన్నాడు వాడు. "నేనూ ఆ ఫ్రిజ్ మీద కూర్చుని చదువుకున్నవాణ్ణేగా."

ఓడ రేవు చేరింది. అవతలి వ్యాపారి తలుపులు తెరిపించి, అట్టపెట్టె అట్టపెట్టెకీ కాయ నొక్కి చూశాడట. తలుపుల పక్కనున్న కొన్ని అట్టపెట్టెల్లో కాయ మెత్తబడింది. మిగతాదంతా కోసిననాటి లాగే ఉంది. రెండో పెట్టె ఎప్పుడు పంపుతారని అడిగాడు. తమ్ముడు ఆ కబురు చెబుతుంటే వెనక షెడ్డులో ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకేసారి మాట్లాడుతున్న గోల వినిపించింది. నర్సమ్మకి ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ, ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని అంతా విన్నది.

మంచు కట్టిన పెట్టెకి ఆఫీసులో ఒక కాగితం నింపాలి. కారణం అన్న గడిలో ఎప్పుడూ అవతలివాళ్ళ పేరే ఉంటుంది. నర్సమ్మ, ఖాళీ పెట్టె చల్లబరచమని సలహా ఇచ్చింది నేనే, అని రాసి సంతకం పెట్టింది. పైఅధికారి కళ్ళజోడు తీసి చూశాడు.

"ఇది ఎప్పటికీ ఫైల్లో ఉండిపోతుందమ్మా."

"ఉండనివ్వండి సార్. నాలాంటివాళ్ళు ఇంకొకరు సలహా ఇచ్చేముందు చదువుకుంటారు."

ఓడ రేవులో ఉండగానే ఎలాగో నంబరు సంపాదించి ఫోన్ చేసింది. ఆరేళ్ళలో మొదటిసారి ఆ గొంతు విన్నది. సన్నటి గొంతు. అంత లావు మౌనం వెనక ఇంత సన్నటి గొంతుంటుందని ఊహించలేదు.

"నేనండీ, ఆఫీసు నుంచి. ద్రాక్ష పెట్టె..."

"ఆ. తెలుసు."

"మా తమ్ముడివాళ్ళు మీ పేరు చెప్పుకుని అన్నం తింటున్నారండీ. మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీడం లేదు. మీకేం కావాలో చెప్పండి, ఏదైనా సరే."

ఫోన్ కట్టయిందేమోనని ఆవిడ రెండుసార్లు హలో అంది.

"మా ఆవిడ అడుగుతుంటుంది," అన్నాడాయన మెల్లగా. "ఓడలో నువ్వు చేసే పనేంటని. ఇరవై ఏళ్ళ నుంచి అడుగుతోంది. నాకు చెప్పడం రాదు. మీరు పొడుగ్గా చెప్తారు కదా. ఒకసారి ఆవిడకి ఫోన్ చేసి చెప్తారా?"

ఆరేళ్ళలో ఆయన రాసిన ఏ ఉత్తరమూ ఇంత పొడుగు లేదు. నర్సమ్మ నంబరు రాసుకుంది.

ఆ సాయంత్రం పని అయ్యాక, గదిలో ఎవరూ లేకుండా చూసుకుని ఫోన్ చేసింది. అవతల ఆవిడ మొదట కంగారు పడింది. ఓడ ఆఫీసు నుంచి ఫోనంటే ఏ ఇల్లాలైనా కంగారు పడుతుంది. "మంచి కబురేనండీ వదినగారూ, మంచి కబురే," అని ముందు ఊపిరి పీల్చుకోనిచ్చి, అప్పుడు మొదలుపెట్టింది. తన తప్పు, పదకొండు ఇళ్ళు, మంచు, అలలు, నిచ్చెన, మూడుసార్లు కరిగించడం, ఏదీ వదల్లేదు. పొడుగ్గా చెప్పమన్నాడు కదా, పొడుగ్గానే చెప్పింది.

ఆవిడ మధ్యలో ఒక్క మాటా అడ్డం రాకుండా విన్నది. అంతా అయ్యాక అడిగింది.

"ఆ పెట్టె ఎంత ఎత్తులో ఉందన్నారు?"

"మూడో వరసండీ. మేడ మీద మేడంత ఉంటుంది."

"ఆయనే ఎక్కారా? ఇంకెవర్నీ ఎక్కించలేదా?"

"ఆయనేనండీ. ఓడ మొత్తానికి ఆ పని తెలిసింది ఆయనొక్కరికే."

అవతల ఆవిడ నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలోనే విరిగింది.

"మా ఇంట్లో స్టూలెక్కి బల్బు మార్చమంటే కళ్ళు తిరుగుతాయంటారమ్మా," అంది. "అబద్ధం కాదు. నిజంగానే తిరుగుతాయి, రెండుసార్లు కింద పడ్డారు. పెళ్ళైన దగ్గర్నుంచీ బల్బులన్నీ నేనే మారుస్తున్నాను. మీరింత పిరికివాళ్ళేంటండీ అని పిల్లల ముందు ఎన్నిసార్లు వెక్కిరించానో."

నర్సమ్మ, నిచ్చెన వేయాలి అని ఆయన రాసిన ఉత్తరం వెతికి తెర మీద తెరుచుకుంది.

"ఆ పళ్ళు బాగున్నాయా?" అని అడిగింది అవతలావిడ, ముక్కు చీది.

"చాలా బాగున్నాయండీ."

"పోన్లెండి," అంది ఆవిడ. "ఇకనుంచీ కూడా బల్బులు నేనే మారుస్తాను. ఒక్క మాట కూడా అనను."